అంగడి మూయమన్నది ఎవరు

2024, ఆషాఢం. నేను పనిచేసే బెంగళూరు ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగానికి ఓ మూల కెటమిన్ ఇన్ఫ్యూజన్ గది తెరిచి అప్పటికి ఏడాది దాటింది. గది అంటే గొప్పదేమీ కాదు. వెనక్కి వాలే కుర్చీ, బీపీ, నాడి, ఆక్సిజన్ చూపించే మానిటర్, మందును కొలిచి నెమ్మదిగా నరంలోకి పంపే ఇన్ఫ్యూజన్ పంపు, పక్కన అత్యవసర మందుల ట్రాలీ. కిటికీకి మందపాటి తెర. ఆ గదికి నర్సును నేను. మాది ఒంగోలు దగ్గర పల్లె. నర్సింగ్ పూర్తిచేసి ఉద్యోగానికని వచ్చినదాన్ని, నగరం చివర హూడిలో కాపురం పెట్టి ఇక్కడే తల నెరిసిపోయాను.

కెటమిన్ నాకు కొత్త మందు కాదు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసినన్నాళ్లూ దాన్ని మత్తుమందుగా చూస్తూనే ఉన్నాను. విరిగిన ఎముక సరిచేయాలన్నా, కాలిన గాయాలకు కట్టు మార్చాలన్నా వాడేవాళ్లు. అదే మందును చాలా తక్కువ మోతాదులో, ముప్పావు గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తే, మాత్రలకు లొంగని డిప్రెషన్ కొందరిలో తగ్గుతుందని మా డాక్టరు గారు చెప్పినప్పుడు నేను మూతి విరిచాను. మత్తుమందుతో మనసు బాగుపడటమేమిటి, చోద్యం కాకపోతే అనుకున్నాను. తర్వాత కళ్లారా చూశాక నోరు మూసుకున్నాను. అందరికీ పనిచేయదు. పనిచేసినవాళ్లలో మాత్రం, మాత్రలతో వారాలు పట్టే మార్పు కొద్ది రోజుల్లోనే కనిపించేది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ జబ్బుకని ఆ మందు సీసా మీద రాసి ఉండదు. ఒక అవసరానికి అనుమతి ఉన్న మందును, తగిన కారణం చూసుకుని డాక్టరు ఇంకో జబ్బుకు వాడితే దాన్ని ఆఫ్‌లేబుల్ వాడకం అంటారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ మాట రోగికి చెప్పి, మేలూ కీడూ రెండూ వివరించి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. చెప్పకుండా సూది పట్టుకొచ్చేవాళ్లను, ఇంటికొచ్చి ఎక్కిస్తామనేవాళ్లను నమ్మకండి. అలవాటుగా మారగల మందు ఇది. ఎక్కువగా, ఎక్కువకాలం వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. మానిటర్ లేని చోట దీనికి పనిలేదు.

ఇక అసలు కథ. ఇందులో పేర్లు మార్చాను. ఆమె అనుమతి అడిగే రాస్తున్నాను. ఆమెను అడగడం ఎందుకంత ముఖ్యమో చివరికి మీకే తెలుస్తుంది.

మంజులకు నలభై ఏళ్లుంటాయి. చిక్కపేటలో పట్టుచీరల హోల్‌సేల్ అంగడి వాళ్లది. తాతల కాలంలోనే వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. మొదటిరోజు ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది అత్తగారు మునిరత్నమ్మ. వెనకాల ఫైళ్లు మోసుకుంటూ భర్త శ్రీనివాస్. మంజుల తల దువ్వి జడ వేసింది కూడా అత్తగారేనని తర్వాత తెలిసింది. అత్తాకోడళ్ల గురించి మనకు కొన్ని లెక్కలుంటాయి కదా, ఆ లెక్కలేవీ ఆ ఇంట్లో పనికిరావు. కన్నకూతురికి కూడా అంత చేసేవాళ్లు అరుదు.

"మా ఇంటి లక్ష్మి, సిస్టరమ్మా," అంది మునిరత్నమ్మ. "మా ఆయప్ప, ఈమె మామ, కరోనాలో పోయినాక అంగడంతా ఈమె మీదనే నిలిచి ఉండాది. ఇప్పుడు చూడు, బొమ్మ మాదిరి అయిపోయినాది. తినేది లేదు, నిద్రపోయేది లేదు. నేను లేకుంటే మీకందరికీ బాగుంటాది అంటాది. అట్ల మాట ఒక ఆడబిడ్డ నోట్లో రావచ్చునా?"

ఆ మాట వినగానే పక్కనే ఉన్న డాక్టరు గారు మంజుల వైపు తిరిగి, చావాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగారు. మంజుల నేలచూపులు చూస్తూ తలూపింది. అప్పటికే మాత్రలు మార్చి మార్చి చూశారు, కౌన్సెలింగ్ కూడా నడిచింది, గుణం లేదు. కెటమిన్ సంగతి ఆలోచించింది అందుకే. డాక్టరు గారు ముందు గుండె, బీపీ చూశారు. కడుపుతో ఉందేమో, మద్యం, మత్తు అలవాట్లున్నాయేమో, ఎదుటివాళ్లకు వినబడని మాటలు ఎప్పుడైనా వినబడ్డాయేమో అడిగారు. వీటిలో ఏది ఉన్నా ఈ వైద్యం మానుకోవాల్సి రావచ్చు. ఏదీ లేదు. వారానికి రెండు చొప్పున కొన్ని వారాలు ఎక్కించి చూద్దామన్నారు. పాత మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు.

జాగ్రత్తలు చెప్పడం నా వంతు.

"పొద్దున ఏమీ తినకుండా తీసుకురండి పెద్దమ్మా," అన్నాను.

"ఒక ఇడ్లీ?"

"సగం ఇడ్లీ కూడా వద్దు. మందు ఎక్కేటప్పుడు వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"కాఫీ?"

"పాలు పడిన కాఫీ వద్దు."

"ఖాళీ కడుపుతో బిడ్డను ఎట్ల బయటికి తీసుకొచ్చేది?" అని ఆవిడ నా మీద కోపగించుకుంది. చివరికి నేనే గెలిచాను. మిగతావి కూడా చెప్పాను. మందు ఎక్కుతున్నంతసేపు పక్కన ఇంటివాళ్లు ఒకరు ఉండొచ్చు, కానీ నిశ్శబ్దంగా ఉండాలి. ఆ రోజంతా మంజుల బండి నడపకూడదు, వంటింట్లో పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకూడదు, సంతకాలు పెట్టకూడదు. మందు ఎక్కేటప్పుడు డిసోసియేషన్ అనే స్థితి రావచ్చు. అంటే ఒళ్లు తనది కానట్టు, గది దూరంగా జరిగిపోయినట్టు, కాలం ఆగిపోయినట్టు ఉంటుంది. కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు, కొందరు ఏదేదో మాట్లాడతారు. మందు ఆపిన కాసేపటికి దిగిపోతుంది. భయపడాల్సిందేమీ లేదు.

మొదటిసారి శ్రీనివాస్ పక్కన కూర్చున్నాడు. సూది పెట్టే ముందు నా అలవాటు ప్రకారం మనసులోనే ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాను. మంజుల కళ్లు మూసుకుని ఒక్క మాటా మాట్లాడలేదు, కన్నీళ్లు మాత్రం ధారగా కారాయి. బీపీ కొంచెం పెరిగింది, అదీ మామూలే, తర్వాత దిగింది. గంట తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని, "కాఫీ ఉండాదా?" అని అడిగింది. ఆమె తనంతట తాను నోరు తెరిచి ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో, శ్రీనివాస్ వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి. ఒక కాఫీని చూసి జబ్బు పోయిందనుకోవద్దని అతనికి చెప్తూనే లోపల మాత్రం నేనూ అదే అనుకున్నాను.

రెండోసారి మునిరత్నమ్మ వచ్చింది. శ్రావణం దగ్గరపడుతోంది, వరలక్ష్మీ వ్రతానికి ఊళ్ల నుంచి చీరల అంగళ్లవాళ్లు సరుకు కోసం చిక్కపేటకు దిగే రోజులు. శ్రీనివాస్ అంగడి వదలలేకపోయాడు. ఆవిడ బుద్ధిగా కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది. మందు ఎక్కడం మొదలై కొంతసేపయ్యాక మంజుల కనుగుడ్లు అటూ ఇటూ కదలసాగాయి. దాన్ని నిస్టాగ్మస్ అంటారు, ఈ మందుతో మామూలే. పెదాలు వణికాయి. తల నెమ్మదిగా ఊగింది. నేను అటువైపు తిరిగి బీపీ పట్టీ సరిచేస్తున్నాను.

తిరిగి చూసేసరికి మునిరత్నమ్మ స్టూలు మీద లేదు. చెప్పులు విడిచి నేల మీద మోకాళ్లేసి, రెండు చేతులూ జోడించి, గొంతు తగ్గించి కోడల్ని అడుగుతోంది.

"ఎవురమ్మా నువ్వు? మా ఇంటికి యాల వచ్చినావు? ఏం కావాల తల్లీ నీకు?"

మంజుల ఎక్కడో బావి లోపలి నుంచి మాట్లాడినట్టు పలికింది. "వద్దు… నేను అంగట్లో కూచోను… తలుపు మూసేయండి."

"మూస్తాము తల్లీ. మూస్తాము."

"పెద్దమ్మా, ఇప్పుడు ఆవిణ్ణి మాట్లాడించకూడదు," అని నేను భుజం పట్టి లేపాను. ఆవిడ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ స్టూలు మీద కూర్చుంది. ఇన్ఫ్యూజన్ అయిపోయింది, మంజుల తేరుకుంది, ఏమన్నదీ ఆమెకు పూర్తిగా గుర్తున్నట్టు లేదు. వెళ్లేటప్పుడు మునిరత్నమ్మ కోడలి చెయ్యి పట్టుకోలేదు. రెండడుగులు వెనకగా, తలవంచుకుని నడిచింది. నాకది వింతగా అనిపించింది కానీ, అవతల ఇంకో పేషెంటు కాచుకుని ఉన్నారు.

మూడోసారికి వాళ్లు రాలేదు.

రాకపోతే ఫోన్ చేసి కనుక్కోవడం మా పద్ధతి. శ్రీనివాస్ ఎత్తి, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసగా మాట్లాడాడు.

"అమ్మ బేడ అంటా ఉంది సిస్టర్, ఇంక వద్దంట. ఆ పొద్దు మంజులకు అమ్మవారు వచ్చినాది అంట. అమ్మవారు వచ్చే ఒంట్లో సూది గుచ్చకూడదు అంట. అంగడి కూడా మూసినాము."

"అంగడా? శ్రావణం ముందా?"

"ఏం చేసేది సిస్టర్? అమ్మవారి వాక్కు. మా ఇంట్లో దాటేది లేదు."

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"అవీ నిలిపేసినాము."

ఇన్ఫ్యూజన్ మధ్యలో ఆగడం ఒక ఎత్తు, డిప్రెషన్ మాత్రలు ఉన్నపళంగా మానేయడం ఇంకో ఎత్తు. తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, అణిగిన ఆలోచనలు మళ్లీ తలెత్తొచ్చు. మంజుల విషయంలో ఆ ఆలోచనలేమిటో నాకు తెలుసు.

"మంజుల గారేమంటున్నారండీ?" అని అడిగాను.

"ఆమెను అడగలేదు సిస్టర్," అన్నాడు.

డాక్టరు గారితో చెప్పాను. డాక్టరు గారే ఫోన్ చేసి పిలిచినా వాళ్లు రామన్నారు. "నీ భాష వాళ్ల భాష ఒకటే, నువ్వు వెళ్లి చూసి రా సిస్టర్," అన్నారు డాక్టరు గారు. దేవత సంగతి వాదించొద్దని, మంజులను చావు ఆలోచనల గురించి సూటిగా అడగమని, ఏ మాత్రం ప్రమాదం తోచినా వెంట పెట్టుకుని వచ్చేయమని చెప్పారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని జనం భయపడతారు. అలా పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని రోగి గుండె కాస్త తేలికపడుతుంది.

మరునాడు మధ్యాహ్నం చిక్కపేట మెట్రోలో దిగాను. చీరల మూటలు నెత్తిన పెట్టుకున్న కూలీలు, తోపుడుబండ్లు, వాటి మధ్య దారి అనేది ఉందని మనమే నమ్మి నడవాలి. ఆ సందడంతా ఉన్న సందులో ఒక్క షట్టరు దించి ఉంది. పక్క అంగడాయన నన్ను చూసి, "వాళ్లింట్లో అమ్మవారు వచ్చినాదమ్మా, మేడ మీదికి పో," అని దారి చూపించాడు. సందంతా ఈ వార్త పాకిందన్నమాట.

మేడ మీద నేను చూసినది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. దేవుడి గూటి పక్కన పీట మీద మంజులను కూర్చోబెట్టారు. ముఖానికి పసుపు, మెడలో మల్లెమాల, ఎదురుగా దీపం. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు వంగి దండం పెట్టి వెళ్తున్నారు. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఎవరూ ఆమెను ముట్టుకోవడం లేదు. ఆమె కళ్ల కింద నలుపు మళ్లీ దిగింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, అంగట్లో యజమాని గద్దె మీంచి దించి దేవుడి పీట ఎక్కించారు. రెండుచోట్లా ఆమె బొమ్మే. నాకు కోపం ముంచుకొచ్చింది. అప్పుడే మునిరత్నమ్మ పళ్లెంలో పూలు, పండ్లు పెట్టుకుని ఎదురొచ్చింది.

"కుంకుమ మీరు పెట్టుకోరు గదా సిస్టరమ్మా, పూలు తీసుకో," అంది. ఆ మర్యాదకు నా కోపం సగం చల్లారింది. పొరుగువాళ్లు దిగి వెళ్లేదాకా ఆగి, ఆవిడ పక్కనే చాప మీద కూర్చున్నాను. శ్రీనివాస్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నాకు తెలియక అడుగుతున్నాను. మీ ఇంట్లో అమ్మవారు ఎలా వస్తుంది?"

ఆవిడ ముఖం వెలిగింది. "మా అత్తకు వచ్చేది. ముందునాడు ఒక్కపొద్దు ఉండాల. తెల్లారి తలకు పోసుకొని తడిచీరతో నిలబడాల. కర్పూరం వెలిగించి, వేపాకు చేతికిచ్చి, ఇంటి పెద్దోళ్లు ఒకరు అడగాల. సుమ్నె, ఊరికే ఎవురంటే వాళ్లు, ఎక్కడంటే అక్కడ అడిగేది కాదు."

"మరి ఆ రోజు మా గదిలో అవేవీ లేవు కదా."

"లేవు," అంది నెమ్మదిగా. "అయినా కండ్లు అట్లనే తిరిగినాయి గదా. తల అట్లనే ఊగినాది గదా."

"ఆ మందెక్కితే చాలామందికి కళ్లు అలాగే తిరుగుతాయి పెద్దమ్మా. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చేవాడు. మందెక్కగానే నేను చేపనైపోయాను సిస్టర్, నీళ్లు కావాలి అనేవాడు. అలాగని తీసుకెళ్లి చెరువులో వదిలేశామా? ఇంకొకావిడ తన కాలివేళ్లతో మాట్లాడేది, ఒక్కొక్కదానికి పేరు పెట్టి. మీ అమ్మవారిని నేను ఒక్క మాట అనను. నేను చెప్పేది నా మందు సంగతి. మందుతో వచ్చింది మందుతో దిగిపోతుంది."

చేప మాటకు ఆవిడకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. పీట మీద మంజుల పెదవి కూడా కొంచెం కదిలింది. అది నేను చూశాను. మునిరత్నమ్మ చూడలేదు, ఆవిడ ఆలోచనలో పడింది.

"అట్లంటే," అంది, "అంగడి మూయమన్నది ఎవురు?"

"నాకేం తెలుసు పెద్దమ్మా? ఇక్కడే ఉన్నారు కదా, ఆవిణ్ణే అడగండి. ఇప్పుడు ఒంట్లో మా మందు లేదు, తెలివిగా ఉన్నారు."

మునిరత్నమ్మ కోడలి వైపు తిరిగింది. అలవాటుగా రెండు చేతులూ జోడించింది.

"అలా కాదు," అన్నాను. "కోడల్ని అడిగినట్టు అడగండి."

ఆవిడ చేతులు విడదీయడానికి కాసేపు పట్టింది. ఆ చేతులతో ఏం చేయాలో తోచక ఒళ్లో పెట్టుకుంది. "మంజూ," అంది. "ఆ మాట నీదేనామ్మా?"

మంజుల చాలాసేపు ఏమీ అనలేదు. నాకు మధ్యలో దూరి ఏదో ఒకటి అనేయాలని నోరు దురద పెట్టింది, బలవంతాన ఆపుకున్నాను. చివరికి ఆమె మెడలో మాల తీసి పక్కన పెట్టింది.

"నాదే అత్తా," అంది. "ఆ పొద్దు ఏమన్నానో నాకు సరిగా గుర్తు లేదు. కానీ ఆ మాట నాదే. మామ కూచున్న చోట కూచుంటే నాకు ఊపిరాడదు. పోతా పోతా అంగడి నువ్వు చూసుకో అని మామ నాతో అన్నాడని మీరందరూ ఎంత సంతోషపడితిరి. ఇంటి లక్ష్మి అంటిరి. నేను ఎట్ల వద్దనేది? దినాము ఆ గద్దె ఎక్కతా, ఇంక దిగేది చచ్చిపోయినాకే అనుకుంటా ఉంటిని."

శ్రీనివాస్ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

మునిరత్నమ్మ కళ్ల నిండా నీళ్లు. "అమ్మవారు అనింది అని ఒక్క మాటకు తలుపు మూసినాను. నువ్వు చెప్పింటే మూయకుంటానా, పిచ్చిదానా?"

మంజుల అత్తగారి ముఖంలోకి సూటిగా చూసింది. ఆమె అలా ఎవరి ముఖంలోకైనా చూడగా నేను చూడటం అదే మొదటిసారి.

"మూసేవాళ్లు కాదత్తా," అంది.

ఇంకో ఇంట్లో అయితే ఇక్కడ పెద్ద రభస అయ్యేది. ఎంత చేశాను నీకు, ఎన్ని రాత్రులు మేలుకున్నాను అని ఆవిడ ఏకరువు పెట్టి ఉంటే కాదనేవాళ్లు లేరు, అన్నీ నిజాలే. మునిరత్నమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, చాలా నెమ్మదిగా తలూపింది.

"అవును," అంది. "మూసేదాన్ని కాదు."

లేచి వెళ్లి తడిగుడ్డ తెచ్చి కోడలి ముఖాన పసుపు తుడవసాగింది. చెవుల వెనకా, మెడ కిందా, చిన్నపిల్లకు తుడిచినట్టు. ఆ ఇద్దరినీ చూస్తూ నేను ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

తర్వాత నా పని నేను చేశాను. చావు ఆలోచనలు మళ్లీ వస్తున్నాయా అని మంజులను అడిగాను. వస్తున్నాయంది. తెల్లవారుజామున ఎక్కువగా ఉంటోందంది. ఇంక ఆలోచించేదేమీ లేదు, నలుగురం ఆటోలో ఇరుక్కుని ఆసుపత్రికి వచ్చేశాం. ఆ రోజు ఆమెను వార్డులో ఉంచారు. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. కుదుటపడ్డాక ఇన్ఫ్యూజన్లు కొనసాగించారు, కౌన్సెలింగ్‌లో ఈసారి ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టారు.

అంగడి రెండు రోజుల్లో తెరిచారు. గద్దె మీద శ్రీనివాస్ కూర్చున్నాడు. అంగడి వదిలేయగానే మంజుల జబ్బు ఎగిరిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. డిప్రెషన్‌కు ఒక్కటే కారణం, ఒక్కటే మందు ఉండవు. తర్వాత కూడా ఆమెకు చెడ్డ వారాలు వచ్చాయి. కెటమిన్ ఇచ్చిన మేలు కొన్నాళ్లకు పలచబడుతుంది, అప్పుడు మళ్లీ ఒక ఇన్ఫ్యూజన్ అవసరం కావచ్చు. ఇప్పటికీ ఆమె అప్పుడప్పుడు వస్తుంది. పెళ్లికి ముందు పిల్లలకు పాఠాలు చెప్పేదట, ఇప్పుడు పొద్దుటిపూట ఇంటి దగ్గర ప్లేస్కూల్‌కు వెళ్తోంది. ఆ చిన్నపిల్లలు చేసే అల్లరి చెప్తూ, సూది పెట్టించుకునేటప్పుడు నన్ను నవ్విస్తుంది. ఒకప్పుడు బొమ్మలా వచ్చిన మనిషి నన్ను నవ్విస్తోందంటే, ఈ ఉద్యోగానికి ఇంతకంటే జీతమేముంటుంది?

ఈ కేసు తర్వాత నేను జాగ్రత్తలు చెప్పే తీరు మారింది. రోగి ఆ రోజు పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదని ఎప్పుడూ చెప్పేదాన్ని. ఇప్పుడు రోగి తరఫున ఇంటివాళ్లు కూడా తీసుకోకూడదని చెప్తున్నాను. మందులో ఉన్నప్పుడు ప్రశ్నలు వేయొద్దు. అప్పుడు వచ్చిన మాటను తీర్పుగా తీసుకోవద్దు, వాగుడని కొట్టిపారేయనూ వద్దు. బాగా తెలివొచ్చాక, మరునాడో ఆ మర్నాడో, ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ జబ్బులో ముందు పోయేది ఆ అడిగే శక్తే. అందుకని పక్కనున్నవాళ్లే అడగాలి, అడిగి జవాబు వచ్చేదాకా ఓపిక పట్టాలి. నోరు దురద పెట్టినా సరే.

ఈ ముక్క నాకు నేర్పింది ఏ శిక్షణా కాదు, ఆ అత్తాకోడళ్లు. కోడలు నిజం చెప్పింది, అత్త ఆ నిజాన్ని ఒప్పుకుంది. రెండింట్లో ఏది కష్టమో నేను చెప్పలేను. ముక్కూ మొహం తెలియని నర్సును చాప మీద కూర్చోబెట్టుకుని, తమ ఇంటి గుట్టు విననిచ్చినందుకు వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

ఇన్ఫ్యూజన్ మరునాడు నేను వాళ్లింటికి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటాను. ఫోన్ ఎప్పుడూ మునిరత్నమ్మే ఎత్తుతుంది. మొన్న చేసినప్పుడు, నేను అడగకముందే, పెద్ద రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించింది.

"ఈ పొద్దు అడిగినాను సిస్టరమ్మా, ఏం వండేది అని. వంకాయ వద్దు, నాకు పడదు అనింది. పెండ్లయి ఇన్నేండ్లు నేను పెడతానే ఉండాను, ఆయమ్మ తింటానే ఉండాది. ఒక్క దినమన్నా చెప్పింటే గదా!"

"మరి ఏం చేశారు పెద్దమ్మా?"

"ఏం చేసేది? వంకాయలు పక్కింటికిచ్చి, బీన్స్ పల్యం చేసినాను," అంది.

నేను ఫోన్ పెట్టేసి, వరండాలో ఎవరూ లేకుండా చూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.